రెండు గంటల ఇరవై నిమిషాలు

విమానాల ఆఫీసులో ఆమెను అందరూ గాలి మేడమ్ అనేవాళ్లు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ ఆమె కోపగించుకోలేదు, పిలిస్తే పలికేది. కిటికీలు లేని పెద్ద గదిలో నాలుగు తెరల ముందు కూర్చుని, ఏ విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తులో పోవాలి, ఎంత ఇంధనం పోసుకోవాలి, ఎంతసేపట్లో దిగుతుంది అని లెక్కకట్టి పైలట్‌కు కాగితం పంపడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే పని. రెండు ఊళ్ల మధ్య దూరం మారదు. ప్రయాణం మాత్రం ఏ రోజుకారోజు వేరు. పైన గాలి ఎటు వీస్తోంది, ఎంత జోరుగా వీస్తోంది అన్నదాన్ని బట్టి అదే విమానం అదే ఊరికి ఒకరోజు అరగంట ముందు చేరుతుంది, ఇంకోరోజు అరగంట ఆలస్యంగా చేరుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆమె మొదటిరోజే చెప్పేది:

"టైమ్‌టేబుల్‌లో ఉండేది మనం జనానికిచ్చే మాట. ఎగిరే టైమ్ వేరు. రెండూ ఒకటే అనుకుంటే మీరీ కుర్చీకి పనికిరారు."

ఆమెకు నా అన్నవాడు ఒక్క తమ్ముడు. షాపుల మీద బోర్డులు రాసేవాడు. ఊరంతా ప్లాస్టిక్ బోర్డులకు ఎగబడుతున్నా, చేత్తో రాసిన అక్షరమే కావాలని అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కొందరుండేవారు. అతను గీత గీసుకోకుండా, కొలత పెట్టకుండా రాసేవాడు. ఒక్క అక్షరం కూడా వంకర పోయేది కాదు. నోరు మాత్రం ఊరుకునేది కాదు. నిచ్చెన మీద నుంచే దారిన పోయేవాళ్లతో పరాచికాలాడేవాడు.

వంతెన దిగగానే ఉన్న బ్రెడ్డు షాపుకు బోర్డు రాస్తున్నాడు ఆ ఉదయం. తొమ్మిది దాటి ఐదు నిమిషాలైంది. బూడిదరంగు కారొకటి వంతెన మీద నుంచి దూకుడుగా దిగి, మలుపులో అదుపు తప్పి, కాలిబాట ఎక్కి నిచ్చెనను కొట్టింది. అతను రోడ్డు మీద పడ్డాడు. కారు ఆగింది, కొంచెం వెనక్కి వచ్చింది. సాయానికి వస్తున్నాడు కాబోలు అనుకుంది షాపులోంచి చూస్తున్న బ్రెడ్డు షాపావిడ. కాదు. నిచ్చెన చక్రానికి అడ్డం పడితే వదిలించుకోవడానికి వెనక్కి తీశాడు. తీసి, స్టీరింగు తిప్పి, మళ్లీ ముందుకు దూకించాడు. ఈసారి చక్రం, రోడ్డు మీద పడి ఉన్నవాడి కుడిచేతి మీద నుంచి పోయింది.

తొమ్మిదీ ఏడుకు ఆవిడ అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఆ సాయంత్రానికల్లా డాక్టర్లు ఆ చేతిని మణికట్టు దాకా తీసేశారు.

బ్రెడ్డు షాపావిడ కారు రంగు చెప్పింది, నంబరులో చివరి రెండు అంకెలు చెప్పింది, నడిపినవాడికి నెరిసిన గడ్డం ఉందని చెప్పింది. పోలీసులు వెతికితే ఆ లెక్కకు సరిపోయే కారు ఒకటి దొరికింది. ముందు భాగం అప్పుడే బాగుచేయించి ఉంది. గేటుకు తగిలిందన్నాడు యజమాని. అతను పేరున్న ఆర్కిటెక్టు. పెద్ద పెద్ద భవనాలకు నమూనాలు గీసేవాడు. వారం తిరక్కుండానే ఇన్‌స్పెక్టరు ఆసుపత్రికి వచ్చి వరండాలో ఆమెతో అన్నాడు:

"ఆ కారు ఓనరు ఆ టైమ్‌కి ఊళ్లోనే లేడమ్మా. గట్టి ఆధారం చూపించాడు. ఆ షాపావిడ అంకెలు సరిగ్గా చూసుండదు."

తమ్ముడికి జ్వరం తగ్గని రోజులవి. ఆధారం ఏమిటని అడగాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు.

తమ్ముడు అద్దెగది ఖాళీచేసి ఆమె రెండుగదుల ఇంటికి వచ్చేశాడు. ఎడంచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. ఆమె చెయ్యి వెయ్యబోతే కసిరేవాడు. "నాకు ఉన్నది చొక్కాలూ టైమే కదా అక్కా, రెంటినీ నాకొదిలెయ్" అని నవ్వేవాడు. ఆ నవ్వు వింటే ఆమె లేచి వంటగదిలోకి వెళ్లిపోయేది.

ఆర్నెల్లకు ఇంటికి ఒక కవరు వచ్చింది. ఆధారాలు లేనందున కేసు మూసేస్తున్నామని పోలీసుల ఉత్తరం, దాని వెనక జతచేసిన కాగితాల నకళ్లు. వంటగదిలో నిలబడే చదివింది. మొదటిది విమానం టికెట్టు. రేవు పట్నంలో ఉదయం ఏడు గంటలకు బయల్దేరే విమానం. రెండోది విమాన సంస్థ కౌంటరు నుంచి ఎవరో గుమాస్తా రాసిచ్చిన రెండు లైన్లు: సదరు విమానం రాక తొమ్మిదీ ఇరవై. మూడోది ఇంటర్నెట్‌లోంచి తీసిన పేజీ. రెండు ఊళ్ల పేర్లు, మధ్యలో చిన్న విమానం బొమ్మ. దూరం 1,350 కిలోమీటర్లు. ప్రయాణ సమయం 2 గంటల 20 నిమిషాలు. దాని కింద ఇన్‌స్పెక్టరు రాత: "ప్రమాద సమయానికి అనుమానితుడు విమానంలో ఉన్నాడు."

ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఈ పేజీని చూసి కేసు మూశారా? అంకెల కోసమే పుట్టిన మనిషి ఇంట్లో ఈ కాగితం పడిందే! ఆ విమానం తమ సంస్థదే. ఆ తేదీన ఏం జరిగిందో కంఠతా వచ్చు. రాకుండా ఎలా ఉంటుంది, తమ్ముడి చెయ్యి పోయిన తేదీ.

అప్పుడు నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు ఉదయం డ్యూటీలో రేవు పట్నం విమానానికి లెక్క కట్టింది తనే. తిన్నగా వస్తే 1,350 కిలోమీటర్లు, గాల్లో గంటా యాభై నిమిషాలు. కానీ ఉత్తరాన, చాలా ఎత్తులో, గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో గాలి ఏరులా పారుతోంది, అదీ ఇటువైపే. విమానాన్ని చుట్టు తిప్పి ఆ గాలిలో పడేస్తే దారి ఎనభై కిలోమీటర్లు పెరుగుతుంది గానీ, ప్రయాణం పదిహేడు నిమిషాలు తగ్గుతుంది. మామూలుగా ఎవరూ అంత శ్రమ పడరు. ఆమె పడింది. ఎనిమిదిన్నర దాటాక కెప్టెన్ నుంచి సందేశం వచ్చింది: "ఏం గాలి పట్టావమ్మా! ధన్యవాదాలు." దాన్ని పక్క కుర్చీలో ఆయనకు చూపించి మురిసిపోయింది. కాఫీ తెచ్చుకుంది. తొమ్మిదిన్నరకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

ఒకే ఉదయంలో జరిగిన ఆ రెండు సంగతులనూ ఆర్నెల్లుగా ఆమె ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. ఇప్పుడు పెట్టింది. ఎనిమిదీ ముప్పై ఏడుకు విమానం ఆగింది. పెట్టె లేని ప్రయాణికుడు పది నిమిషాల్లో తన కారు దగ్గరుంటాడు. అక్కణ్ణుంచి వంతెనకు పద్దెనిమిది నిమిషాలు.

తమ్ముడు స్నానం చేసి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. కాగితాలు చూసి, "ఏంటక్కా, చేతులు దులిపేసుకున్నారా?" అన్నాడు.

"ఆ రోజు ఆ టైమ్‌కి నువ్వు నిచ్చెన మీద ఇంకా ఎంతసేపు ఉండేవాడివిరా?"

"ఎంతసేపేంటి, అయిపోవచ్చింది. ఇంకో పది నిమిషాలైతే టీకి దిగేవాణ్ణి. ఎందుకు?"

"ఊరికే."

పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. ఆమె తుడవలేదు.

*

మర్నాడు ఆఫీసులో షిఫ్టు ఇన్‌చార్జిని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మూడు నెలలు దాటిన ఫ్లైటు కాగితాలు చింపేస్తారు కదా మేడమ్, మీకు తెలియనిదా. కంప్యూటర్లో పాతవి తియ్యాలంటే పైనుంచి ఆర్డరు కావాలి. మీ సొంత పనికంటే అస్సలివ్వరు." విమానాశ్రయం పార్కింగు వాళ్లు ఒక నెల దాటిన లెక్కలు తమ దగ్గర ఉండవన్నారు.

ఆమె ఆ ఇంటర్నెట్ పేజీని వంటగదిలో సింకు పైన అతికించింది. గిన్నెలు కడుగుతున్నంతసేపూ చదివేది. ఒకరోజు డ్యూటీ దిగి ఆర్కిటెక్టు ఆఫీసున్న వీధికి వెళ్లి ఎదురుగా బస్టాపులో కూర్చుంది. మొదటి అంతస్తులో అద్దాల గది. నెరిసిన గడ్డం, సన్న చట్రం కళ్లద్దాలు. వాలుబల్ల మీద వంగి పెద్ద కాగితం మీద ఏదో గీస్తున్నాడు. కుడిచేత్తో. మధ్యలో ఫోన్ ఎత్తి పడీపడీ నవ్వాడు. మళ్లీ గీశాడు. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా కదులుతోందో చూస్తూ రెండు బస్సులు వదిలేసింది. ఆ చేతిని రోడ్డు మీద పెట్టి, పైనుంచి చక్రం ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

మరుసటి వారం ఒక లాయరమ్మ దగ్గరకు వెళ్లింది. యాభై దాటిన మనిషి, పొట్టి, గొంతులో జలుబు ఎప్పుడూ తగ్గనట్టుండేది. కాగితాలన్నీ చూసి, "మీరు చెప్పేది నిజమే అయితే ఇప్పుడే పోలీసులకు చెబుదాం" అంది.

"చెబితే ఏమవుతుంది?"

"అతన్ని మళ్లీ పిలుస్తారు. అడుగుతారు. అయ్యో మర్చిపోయాను, ముందే దిగాను గానీ ఎయిర్‌పోర్టులోనే కూర్చుని కాఫీ తాగాను అంటాడు. మాట మార్చుకుంటాడు."

"మార్చుకునే వీలు లేకుండా చెయ్యాలండీ. అందరి ముందూ ప్రమాణం చేసి అదే అబద్ధం మళ్లీ చెప్పాలి. ఇంకా నాలుగు అబద్ధాలు కలిపి చెప్పాలి. అప్పుడు చూపిద్దాం."

లాయరమ్మ చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ ఆమెను కాసేపు చూసింది. "మీరు మా వృత్తిలోకి రావాల్సింది" అంది. "సరే. షాపావిడ సాక్ష్యం మీద కేసు మళ్లీ తెరవమని పిటిషన్ వేస్తాను. గాలి ఊసెత్తను. కానీ చేతిలో కాగితం లేకుండా మీ నోటిమాట చెల్లదు. మీరు అతని అక్క. ఇంకెవరైనా ఉన్నారా?"

ఉన్నాడు ఒకాయన. పైలట్లు ప్రతి ప్రయాణాన్నీ తమ సొంత పుస్తకంలో రాసుకుంటారు. సంస్థ చింపేసినా ఆ పుస్తకం మాత్రం పైలట్ బతికున్నంత కాలం దగ్గరే ఉంచుకుంటాడు.

ఆ విమానం నడిపిన కెప్టెన్ మూడు నెలల కిందట రిటైరయ్యాడు. నాలుగో అంతస్తులో ఒక్కడే ఉంటున్నాడు. ఆమె వెళ్లేసరికి ఇస్త్రీ పెట్టె పట్టుకుని తలుపు తీశాడు. ఎక్కడికీ వెళ్లే పని లేకపోయినా తెల్లచొక్కాలు ఐదు ఇస్త్రీ చేసి వరసగా తగిలించి ఉన్నాయి. ఎవరో ఏమిటో చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

"నువ్వా గాలి అమ్మాయివి! ఇన్నేళ్లు కాగితం కింద సంతకం చూడ్డమే గానీ మనిషిని చూడలేదు. కూర్చో, కూర్చో. రేవు పట్నం ఫ్లైటు సంగతా? దాన్ని నేనెలా మర్చిపోతాను? ముప్పై నాలుగేళ్లలో ఆ దారిలో అంత తొందరగా ఎప్పుడూ రాలేదు."

బీరువాలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి పేజీ వెతికాడు. నీలం సిరాతో గుండ్రని రాత. కదిలింది ఆరూ యాభై ఒకటి. ఆగింది ఎనిమిదీ ముప్పై ఏడు. పక్కన: "ఉత్తరపు దారి. వెనకగాలి అద్భుతం."

"కిందికి దిగేముందు మైకులో చెప్పాను. మిమ్మల్ని నలభై మూడు నిమిషాల ముందు దింపుతున్నాం అని. జనం చప్పట్లు కొట్టారమ్మా! తలుపు దగ్గర నిలబడితే ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఒకటే ఊపడం. కెప్టెన్ గారూ, నాకు ముప్పావుగంట బహుమతి ఇచ్చారు అన్నాడు."

"ఎలా ఉంటాడు?"

"నెరిసిన గడ్డం. మాట తియ్యగా ఉంది. ఎందుకు?"

ఆమె ఫోన్లో ఆర్కిటెక్టు ఫొటో చూపించింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఇతనే" అన్నాడు.

ఇంకో పది నిమిషాలైతే తమ్ముడు నిచ్చెన దిగేవాడన్న ఒక్కటి మాత్రం దాచి, తక్కినదంతా చెప్పింది. ఆయన ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేశాడు. ఆర్కిటెక్టుకు చప్పట్లు కూడా గుర్తుండే ఉంటాయి, అనుకుంది ఆమె. మర్చిపోయి కాదు, పొరపాటు పడి కాదు. ఆ ఇంటర్నెట్ పేజీని అచ్చుతీసి ఇచ్చేటప్పుడు, నలభై మూడు నిమిషాలు మింగేస్తున్నానని తెలిసే ఇచ్చాడు.

"కోర్టుకి పుస్తకం నువ్వు తీసుకెళ్లొద్దు" అన్నాడు కెప్టెన్ చివరకు. "నేనే తెస్తాను."

*

విచారణ రోజు కోర్టు గదిలో నలభై మంది దాకా ఉన్నారు. తమ్ముడు వద్దన్నా వచ్చాడు. మొండి మణికట్టును జేబులో పెట్టుకుని రెండో వరసలో ఆమె పక్కన కూర్చున్నాడు. కెప్టెన్‌ను లాయరమ్మ బయట వరండా చివర గదిలో కూర్చోబెట్టింది.

ముందు బ్రెడ్డు షాపావిడ చూసింది చూసినట్టు చెప్పింది. అవతలి లాయరు లేచి, ఆవిడ కళ్లద్దాల నంబరు అడిగి, ఇంటర్నెట్ పేజీని జడ్జికి అందించాడు. తర్వాత ఆర్కిటెక్టు బోనెక్కి ప్రమాణం చేశాడు. బాగా ఇస్త్రీ చేసిన నీలం కోటు. గొంతు నిజంగానే తియ్యగా ఉంది.

లాయరమ్మ రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గి, అడగడం మొదలుపెట్టింది.

"ఆ రోజు తొమ్మిదీ ఐదుకి మీరెక్కడున్నారండీ?"

"ఆకాశంలో."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అతను కూడా చిరునవ్వు నవ్వాడు.

"కొంచెం వివరంగా చెప్పండి."

"రేవు పట్నంలో ఏడింటికి ఎక్కాను. రెండు గంటల ఇరవై నిమిషాల ప్రయాణం. కాగితం మీ ముందే ఉంది."

"కాగితం సరే. మీరు దిగినప్పుడు టైమ్ చూసుకున్నారా?"

"చూసుకున్నాను. తొమ్మిదీ ఇరవై రెండు. రెండు నిమిషాలు ఆలస్యం అని గుర్తు."

ఆమె ఒళ్లో చేతులు గట్టిగా బిగించుకుంది. ఇంకా చెప్పు నాయనా, ఇంకా చెప్పు, అనుకుంది.

"మరి తొమ్మిదీ ఐదుకి ఏం చేస్తున్నారో గుర్తుందా?"

"లేకేం? బెల్టు పెట్టుకోమన్నారు. కిటికీలోంచి చూస్తే కింద ఏరు మెరుస్తోంది. ఊరొచ్చేసిందనుకున్నాను." కాస్త ఆగి, తమ్ముడి వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు, "ఆ అబ్బాయికి జరిగింది వింటే నాకూ బాధేస్తుంది. కానీ చెయ్యని తప్పు నెత్తినేసుకోలేను కదండీ."

తమ్ముడి దవడ కండరం ఎగిరింది. ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసి అదిమింది.

"ఇదంతా ప్రమాణం మీద చెబుతున్నారు?"

"ముమ్మాటికీ."

"అంతేనండీ" అని లాయరమ్మ కూర్చోబోయి, మళ్లీ లేచి, తన తర్వాతి సాక్షిని పిలవమంది.

తలుపు తెరుచుకుంది. తెల్లచొక్కా, చంకలో నల్ల అట్ట పుస్తకం, నిటారుగా నడిచొస్తున్న ముసలాయన. ఆర్కిటెక్టు మామూలుగా తల తిప్పి చూశాడు. ఒక క్షణం గుర్తుపట్టలేదు. తర్వాత పట్టాడు. ఆ క్షణం కోసమే ఆమె అంతదూరం వచ్చింది. అతని ముఖంలోంచి రక్తం దిగిపోవడం, పెదవులు తడుపుకోవడం, చెయ్యి వెనక కుర్చీ కోసం తడుముకోవడం, అన్నీ తాపీగా, ఏదీ వదలకుండా చూసింది. కళ్లు ఆర్పితే పోతుందేమోనని కళ్లు కూడా ఆర్పలేదు.

కెప్టెన్ పుస్తకం తెరిచి అంకెలు చదివాడు. చప్పట్ల సంగతి చెప్పాడు. "ఈ పెద్దమనిషే నా చెయ్యి పట్టుకుని ముప్పావుగంట బహుమతి ఇచ్చారన్నాడు" అని వేలెత్తి చూపించాడు.

అవతలి లాయరు గబగబా లేచాడు. "రెండు గంటల ఇరవై నిమిషాల ప్రయాణం గంటా నలభై ఆరు నిమిషాల్లో అయిపోయిందా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారండీ?"

కెప్టెన్‌కు రోషం వచ్చింది. "గాలి ఉంటే అవుతుందయ్యా. వాతావరణ ఆఫీసులో అడుగు, ఆ రోజు గాలి ఎంతో చెబుతారు. ఇంకెవరైనా దారి వేసుంటే తిన్నగా వచ్చేవాళ్లం, తొమ్మిది కావస్తే గానీ దిగేవాళ్లం కాదు. మాకు ఉత్తరపు దారి వేశారు. ఆ దారి వెయ్యాలంటే బుర్ర కావాలి. వేసింది ఎవరో కాదు, అదుగో," ఆయన గర్వంగా రెండో వరస చూపించాడు, "ఆ అమ్మాయే. పదిహేడు నిమిషాలు మిగిల్చింది."

గదిలో అందరూ ఆమెవైపు తిరిగారు. కెప్టెన్ ముఖంలో మెచ్చుకోలు తప్ప ఇంకేం లేదు. తమ్ముడు తిరిగి చూడలేదు. ఆమె చేతి కింద నుంచి మోకాలు మాత్రం మెల్లగా పక్కకు జరుపుకున్నాడు.

జడ్జి విచారణను అరగంట ఆపాడు.

వరండాలో నీళ్ల కుళాయి దగ్గర ఆమె ముఖం కడుక్కుంటుంటే పక్కన నీడ పడింది. ఆర్కిటెక్టు. అతని లాయరు ఎవరితోనో ఫోన్లో ఉన్నాడు. కోటు గుండీలు విప్పి ఉన్నాయి. గొంతులో తీపి లేదు.

"అయితే మీరేనన్నమాట నన్ను ముందుగా దింపింది" అన్నాడు. "రోజూ లాగే తొమ్మిదీ ఇరవైకి దిగుంటే నేను తిన్నగా ఆఫీసుకి పోయేవాణ్ణి. ముప్పావుగంట దొరికింది కదా, ఆ లోపల సైటు చూసి వద్దామని వంతెన మీదకి తిప్పాను. మీరు ఆ దారి వెయ్యకపోతే మీ తమ్ముడు బాగుండేవాడు. నాకూ ఈ ఖర్మ పట్టేది కాదు."

ఆ కవరు వచ్చిన రోజు నుంచీ తనలో తాను అనుకుంటున్న మాటే అది. అతని నోట్లోంచి వినగానే మాత్రం అది ఎంత చవగ్గా ఉందో తెలిసింది.

"దింపింది నేనే" అంది ఆమె. "కాదనను. నిచ్చెనను కొట్టింది నువ్వు. అది పొరపాటే అనుకో. వెనక్కి తీసి మళ్లీ ముందుకు పోనిచ్చింది చూడు, అప్పుడు ఏ గాలి తోసింది నిన్ను?"

అతను కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"లోపలికి పద" అంది. "ఇంకా మిగిలుంది."

లోపల అతను గంటసేపు బుకాయించాడు, నీళ్లు నమిలాడు, మర్చిపోయానన్నాడు. జడ్జి సంస్థ కంప్యూటర్లోని పాత లెక్కలూ వాతావరణ ఆఫీసు లెక్కలూ తెప్పించమని ఆదేశించగానే కూలబడ్డాడు. వంతెన మీద కారు నడిపింది తనేనని ఒప్పుకున్నాడు.

*

ఆ సాయంత్రం బస్సులో తమ్ముడు వేరే సీట్లో కూర్చున్నాడు. ఇంటికొచ్చి తన గది తలుపు వేసుకున్నాడు. ఆమె కంచంలో పెట్టి పిలిస్తే వచ్చి తిని, కంచం ఎడంచేత్తో కడిగి, వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే. వారం, రెండు వారాలు. పరాచికాలు లేవు, కసురుకోవడం కూడా లేదు. అతను తిట్టినా బాగుండుననిపించేది ఆమెకు. సింకు పైన అతికించిన పేజీని ఒకరోజు పీకేసింది. కింద గోడ సున్నం కూడా ఊడి వచ్చింది.

మూడు వారాలకు తీర్పు. తమ్ముడు ఆమెకు చెప్పకుండానే బయల్దేరి ముందే వెళ్లి కూర్చున్నాడు. ఆమె వెనక వరసలో కూర్చుంది. గాయపరిచి ఆగకుండా పోయినందుకు రెండేళ్లు, ప్రమాణం చేసి అబద్ధం ఆడినందుకు ఇంకో ఏడాది. కారు నడిపే లైసెన్సు జీవితాంతం రద్దు. ఆర్కిటెక్టు తల వంచుకుని విన్నాడు. పోలీసులు తీసుకుపోతుంటే ఆమె లేచి నిలబడి, గుమ్మం దాటేదాకా చూసింది. అతని కుడిచేతికి బేడీ వెయ్యడం మరీ బాగా చూసింది.

ఇలాంటప్పుడు మనసు ఖాళీ అయిపోతుందని, పగ తీరినా సుఖం ఉండదని అంటుంటారు. ఆమెకు అలా ఏమీ అనిపించలేదు. హాయిగా ఉంది. ఇన్ని నెలల తర్వాత గాలి లోపలిదాకా పీల్చింది.

బయట మెట్ల మీద తమ్ముడు ఆగి ఉన్నాడు. ఆమె దగ్గరకొచ్చేదాకా ఆగి, ఎటో చూస్తూ అడిగాడు:

"ఆ కవరు వచ్చిన రోజే తెలుసు కదా నీకు? నేను ఇంకా ఎంతసేపు నిచ్చెన మీద ఉండేవాణ్ణని అడిగావు."

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

ఆమె అబద్ధం వెతుక్కోలేదు. "చెబితే నీ కోపంలో సగం నామీదికి వస్తుందనుకున్నాను. మొత్తం వాడిమీదే ఉండాలనుకున్నాను. నాది కూడా."

తమ్ముడు మెట్టు అంచును చెప్పుతో గీరుతూ అన్నాడు:

"మూడు వారాలు ఆలోచించాను. నువ్వు నీ పని చేశావు. బాగా చేశావు. అదే నాకు మింగుడు పడట్లేదు. నువ్వు బద్ధకస్తురాలివైతే నాకు చెయ్యుండేది."

"అవున్రా."

"ఏడవకు. ఏడిస్తే నాకు చిరాకు." అతను ముక్కు ఎగబీల్చి, వీధిలోకి చూశాడు. "వాడిమీద నాకింకా తీరలేదు. మూడేళ్లేం సరిపోతాయి? ముందు వాడిమీద పూర్తిగా తీరనీ. తీరాక నీ సంగతి చూస్తా."

"ఎప్పుడు తీరుతుంది?"

"నాకేం తెలుసు? లెక్కలు కట్టేదానివి నువ్వు."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అతను ముందు మెట్లు దిగాడు. నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "రా మరి, బస్సు పోతుంది" అన్నాడు.